ఇరవై వేళ్ళు

బోడిదిబ్బపాలెంలో మరిడమ్మను ఎరగని మనిషి లేడు. కుక్కలకు కూడా ఆమె తెలుసు. ఆమె చేపల గంప ఎక్కడ దించుతుందో అక్కడికి అవి ముందే వచ్చి కూర్చుంటాయి. ఆమెను ఎరగనిదల్లా రేషన్ షాపులో కొత్తగా పెట్టిన వేలిముద్రల మిషను ఒక్కటే.

అది వచ్చిన మొదటి నెలలో మరిడమ్మ సంచీ పట్టుకుని షాపుకు వెళ్ళింది. డీలరు సోములు బొటనవేలు పెట్టమన్నాడు. పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది. చూపుడువేలు పెట్టమన్నాడు. మళ్ళీ ఎర్ర దీపమే. కుడిచెయ్యి అయిపోయింది, ఎడమచెయ్యి కూడా అయిపోయింది.

"కాలేళ్ళు కూడా ఎట్టమంటావేటి సోములూ?" అంది మరిడమ్మ.

సోములు మిషన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దానికా సదుపాయం లేదన్నాడు.

మర్నాడు మొగుడు అప్పలసూరిని వెంటబెట్టుకు వెళ్ళింది. కార్డులో ఉన్నది వాళ్ళిద్దరే. ఇద్దరిలో ఎవరి వేలు పడినా ఇంటికి బియ్యం వస్తాయి. కానీ అప్పలసూరి చిన్నప్పటినుంచీ వల తాళ్ళు లాగిన మనిషి. అతని అరచేతుల్లో అదృష్టరేఖ దగ్గర్నుంచి అన్ని రేఖలూ సముద్రంలోనే పోయాయి. మరిడమ్మవేమో ఐసులో నానీ, ఉప్పులో ఊరీ, పొలుసు గీకీ గీకీ గాజుపెంకుల్లా నున్నబడ్డ వేళ్ళు. ఇంటికి ఇరవై వేళ్ళున్నాయి గానీ ప్రభుత్వానికి పనికొచ్చేది ఒక్కటీ లేదు.

ఆధార్ కార్డులు తీసినప్పుడు మాత్రం ఈ వేళ్ళే పడ్డాయి. ఆ కుర్రాళ్ళు ఎండాకాలంలో వచ్చారు. అప్పుడు సముద్రం మీద వేట నిషేధం. పాలెం అంతా చేతులు కట్టుకుని కూర్చుని ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు, గుర్తుంచుకోవాల్సిన సంగతని కూడా ఎవరూ అనుకోలేదు.

వేలు పడనివాళ్ళ కోసం పైవాళ్ళు ఒక దారి ఆలోచించకపోలేదు. వీఆర్వో గారు వచ్చి తన వేలు పెడితే చాలు, బియ్యం ఇచ్చేయవచ్చు. వీఆర్వో గారిది బ్రహ్మాండమైన వేలు. ఏ మిషనైనా చూసీ చూడగానే ఒప్పుకుంటుంది. కాకపోతే చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ కలిపి ఆ వేలు ఒక్కటే. మరిడమ్మ వెళ్ళినప్పుడల్లా అది మరో ఊళ్ళో ఉండేది.

"షాపులో గింజ కదిల్తే మిషనుకి తెలిసిపోతాదప్పా," అన్నాడు సోములు దిగులుగా. "నానేటి సెయ్యగల్ను?" ఆ సాయంత్రం తన ఇంటి బియ్యంలోంచి ఒక సేరు గుడ్డలో మూటగట్టి తెచ్చి, గుమ్మంలో పెట్టి, తన పెళ్ళానికి చెప్పొద్దని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ఏడు వేట కూడా అంతంతమాత్రం. బజార్లో బియ్యం కొంటే గంపకు ఐసు ఉండదు, ఐసు కొంటే బియ్యం ఉండవు. రెండో నెలా అంతే, మూడో నెలా అంతే. కుండలో బియ్యం తగ్గినకొద్దీ అప్పలసూరికి ఆకలి కూడా తగ్గుతూ వచ్చింది. మరిడమ్మ రెండోసారి వడ్డించబోతే కంచానికి చెయ్యి అడ్డం పెట్టి, "సాలే, ఆకలి నేదు," అనేవాడు. పడవ ఒడ్డుకు లాగి వచ్చిన మొగాడికి ఆకలి లేకపోవడమేమిటి! ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ వినని మాట అది. మరిడమ్మ ఆ మాట నమ్మేది కాదు. పైకి మాత్రం, "నేకపోతే మానీ. పొద్దున్నకి సద్దికూడవుతాది," అని ఆ అన్నం మళ్ళీ కుండలో వేసి నీళ్ళు పోసేది. అతని జబ్బలు సన్నబడుతున్నాయని ఆమె చూస్తూనే ఉంది.

ఇరుగూపొరుగూ అడిగితే, షుగరొస్తుందని ఎవరో చెప్పారు, అందుకే అన్నం తగ్గించి గంటి పిండి అంబలి తాగుతున్నామని చెప్పింది. పాలెంలో ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూడా సరిగ్గా ఆ మూడు నెలల్లోనే షుగరుకు భయపడి అంబలి మొదలెట్టారు.

మరిడమ్మ చేపలమ్మేది నెల్లిమర్ల దగ్గర రైతుల ఊళ్ళలో. అక్కడ లక్ష్మణమ్మ ఇల్లు ఆమెకు ఎప్పుడూ చేపలు కొనే పాత వాడిక. మరిడమ్మ పెరట్లో కూర్చుని పొలుసు తీసి ముక్కలు కోసి ఇచ్చేవరకూ లక్ష్మణమ్మ పక్కన పీట వేసుకుని కబుర్లు చెబుతుంది. ఆ ఇంటి కొడుకు యుగంధర్ లా కోర్సు చదివాడు. వకీలు కోటు కుట్టించుకుని ఏడాదయింది గానీ, దానికి ఇస్త్రీ తప్ప మరో పని పడలేదు. ఆ రోజు తన తల్లితో మరిడమ్మ బియ్యం సంగతి చెబుతుంటే విని అరుగు మీంచి లేచొచ్చాడు.

"పిన్నీ, ఇది ధర్మం చెయ్యమని అడుక్కోవడం కాదు. తిండి నీ హక్కు. దానికి చట్టం ఉంది."

"సట్టం ఉన్నాదేటి?" అంది మరిడమ్మ, చేప తల కోస్తూనే. "ఎప్పుడు సేసినారు?"

"రెండువేల పదమూడులోనే చేశారు."

"ఓలమ్మ! అన్నేళ్ళయితే, మరి మిషనుకెవులూ సెప్పనేదేటి బాబూ?"

యుగంధర్ లోపలికి వెళ్ళి పిటిషను రాసుకొచ్చాడు. మరిడమ్మకు సంతకం రాదు, సిరా పూసి బొటనవేలు నొక్కించాడు. కాగితం మీద నల్లగా గుండ్రటి మచ్చ పడింది. అందులో ఒక్క గీత లేదు. యుగంధర్ దాన్ని వెలుతురుకెత్తి చూసి, తొలి కేసుకు తొలి సాక్ష్యం దొరికిన సంబరంతో తల్లికి కూడా చూపించాడు.

"ముందు చెయ్యి కడుక్కోనియ్రా దాన్ని," అంది లక్ష్మణమ్మ.

కొన్నాళ్ళకు కబురొచ్చింది. జిల్లాలో ఇలాంటి ఫిర్యాదులు వినే పెద్దాఫీసరు ఇంకో పన్నెండు రోజుల్లో మండలాఫీసుకు వస్తున్నాడు. డీలర్ని మిషను పట్టుకు రమ్మన్నారు. అందరి ఎదుటా వేలు పెట్టించి చూస్తారట. యుగంధర్ పాలెం దాకా వచ్చి ఆ సంగతి చెప్పాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "పెద్దాఫీసరు పిన్నీ. కాస్త శుభ్రంగా రా," అన్నాడు.

ఆ ముక్క చెప్పనక్కర్లేదు. పాలెం ఆడవాళ్ళకు అది పుట్టుకతో వచ్చిన పద్ధతి. పెళ్ళికి వెళ్ళాలన్నా, అమ్మవారికి పసుపునీళ్ళ ముర్రాట ఎత్తాలన్నా, ముందు రోజుల్లోనే గంప కడిగి బోర్లిస్తారు. చింతపండు గుజ్జు, పసుపు, కొబ్బరినూనె పట్టించి వాసన పోయేదాకా చేతులు తోముకుంటారు. మరిడమ్మ ఒకసారి ఆ పద్ధతి తప్పి, అమ్మకం అవగానే బ్యాంకులోకి వెళ్ళింది. పక్కనున్న ఒకావిడ ముక్కుకు పమిట అడ్డం పెట్టుకుని జరిగి కూర్చుంది. ఒక్క మాట అనలేదు పాపం. అయినా మరిడమ్మకు ఆ రాత్రంతా తన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెళ్ళికైతే మూడు రోజులు పని మానితే చాలు. పెద్దాఫీసరంటే పెళ్ళికన్నా పెద్దదే కదా. అందుకని కబురొచ్చిన రోజే గంప తీసుకెళ్ళి పక్కింటి తాతమ్మకు ఇచ్చేసింది.

చేపలు లేవు, అమ్మకం లేదు. అంబలి కూడా పలచబడింది. అప్పలసూరి పడవకు రంధ్రం పడి అదీ ఒడ్డు మీదే ఉంది. అతను రోజంతా పడవ నీడన కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆకలి లేదనేవాడు. పదోరోజున పెళ్ళాం చెయ్యి పట్టుకుని చూసి, "ఒసే, కొత్తపెళ్ళికూతురి సెయ్యిలాగున్నాదే," అన్నాడు. మరిడమ్మ సిగ్గుపడి చెయ్యి లాక్కుంది. ఆమెకు ఆ మాట బాగుంది. అంతకుమించి ఆ చేతి గురించి ఇద్దరిలో ఎవరూ ఆలోచించలేదు.

మండలాఫీసులో ఆఫీసరు జగన్నాధం గారు బల్ల వెనక కూర్చున్నాడు. మంచివాడే. పొద్దుటినుంచి వినీ వినీ మొహం మాత్రం వాడిపోయి ఉంది. సోములు మిషను చంకలో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకుని తెచ్చి బల్లమీద దించాడు. యుగంధర్ కోటు వేసుకొచ్చాడు. రెండు రాత్రులు కూర్చుని ఉపన్యాసం తయారుచేసుకున్నాడు. అప్పలసూరి తువ్వాలు భుజం మీద సర్దుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. మరిడమ్మ ఉతికిన చీర కట్టుకుని, కొబ్బరినూనె వాసన వేస్తూ బల్ల దగ్గరికి వెళ్ళి నమస్కారం పెట్టింది.

"ఏదీ, వేలు పెట్టమ్మా."

పెట్టింది. పచ్చ దీపం వెలిగింది. మిషను చిన్నగా మూలిగి చీటీ కూడా కక్కింది.

"ఓలమ్మో! గుర్తుపట్టీసినాది!" అని మరిడమ్మ పైకే నవ్వేసింది. బియ్యం బస్తా ఎక్కడుందోనని చుట్టూ చూసింది కూడా. తనతోపాటు ఎవరూ నవ్వడం లేదని ఆ తరవాత గమనించింది. యుగంధర్ నోటిదాకా వచ్చిన ఉపన్యాసం అక్కడే నిలిచిపోయింది.

ఆఫీసరు చీటీ చింపి చూశాడు. సోములుకేసి చూశాడు. "మూడు నెలల్నుంచీ వేలు పడటం లేదన్నావు."

"పడనేదు బాబూ."

"మరి ఇప్పుడెలా పడింది?"

"నాకేటి తెలుసు బాబూ?"

"నాకు తెలుసు," అన్నాడు జగన్నాధం గారు. వేలు పడలేదని చెప్పి బియ్యం పక్కకు తప్పించిన డీలర్లను ఆయన చాలామందినే చూశాడు. గుమాస్తాను పిలిచి రాసుకోమన్నాడు: షాపు ఈ రోజునుంచి రద్దు, మూడు నెలల బియ్యం డీలరు దగ్గర రాబట్టి ఈమెకు ఇప్పించాలి, పోలీసులకు కాగితం పెట్టాలి. సోములు బల్ల అంచు పట్టుకున్నాడు.

యుగంధర్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "పిన్నీ, నువ్వేం మాట్లాడకు. గెలిచేశాం."

నిజమే. నోరు మూసుకుంటే సాయంత్రానికి బియ్యం ఇంట్లో ఉంటాయి. మరిడమ్మ గుమ్మంలో నిలబడ్డ మొగుణ్ణి చూసింది. తువ్వాలు భుజం మీంచి జారిపోతుంటే పైకి లాక్కుంటున్నాడు. ఇదివరకు ఆ భుజం మీంచి ఏదీ జారేది కాదు. తర్వాత సోములును చూసింది. గుమ్మంలో పెట్టిన సేరు మూట గుర్తొచ్చింది. ఆ తర్వాత తన చేతులకేసి చూసుకుంది. మెత్తగా, పచ్చగా, ఎవరివో అన్నట్టున్నాయి. వేట లేని ఎండాకాలంలో ఆధార్ కుర్రాళ్ళ ముందు పెట్టింది కూడా ఇలాంటి చేతులే. ఆమెకు విషయం మొత్తం తెలిసిపోయింది. తెలియకపోతే ఎంత బాగుండును అనిపించింది. ఎందుకంటే అది చెప్పాలంటే, ఇంతమంది పెద్దమనుషుల ముందు తన ఒళ్ళు కంపు కొడుతుందని తన నోటితో చెప్పాలి.

"బాబూ," అంది. "సోములు దొంగ కాడు."

"అయితే నువ్వు అబద్ధం ఫిర్యాదు ఇచ్చావా?"

"నానూ అబద్దం ఆడనేదు బాబూ."

"ఇద్దరిలో ఎవరో ఒకరు ఆడి ఉండాలి కదమ్మా," అన్నాడు ఆఫీసరు ఓపికగా.

మరిడమ్మ చేతులు కొంగు కింద పెట్టుకుంది. "నాను సేపలదాన్ని బాబూ. ఎంత కడుక్కున్నా కంపు పోదు. తమరి ముందర ఆ కంపుతో నిలబడకూడదని పన్నెండు రోజుల్నుంచి గంప ముట్టనేదు. పని మానీసరికి కొత్త తోలొచ్చీసినాది. పన్లోకెళ్తే మళ్ళీ అరిగిపోతాది. ఆడికేటీ తెల్దు, ఆడి షాపు తియ్యకండి." చెబుతుంటే ఆమె చెవులు కాలిపోయాయి.

జగన్నాధం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని ఆలోచించాడు. చిక్కుముడి విప్పడం ఆయనకు ఇష్టం. కాసేపటికి మొహం విచ్చుకుంది.

"ఇందులో సమస్యేముందమ్మా? ప్రతి నెలా రేషన్‌కు ముందు ఓ పన్నెండు రోజులు పని మానెయ్యి. వేలు పడుతుంది, బియ్యం వస్తాయి. రాసుకోవయ్యా."

గుమాస్తా రాయడం మొదలెట్టాడు.

"అలాగే బాబూ," అంది మరిడమ్మ వినయంగా. "పని మానీసిన రోజుల్లో ఏటి తినమంటారు?"

"రేషన్ బియ్యం."

"ఆటి కోసమే కద బాబూ మానీసింది?"

గుమాస్తా కలం ఆగింది. ఆ వాక్యం ఎలా పూర్తిచెయ్యాలో తెలియక ఆఫీసరు మొహం చూశాడు. ఆఫీసరు మిషను మొహం చూశాడు.

అప్పుడు యుగంధర్ ముందుకొచ్చాడు. తయారుచేసుకున్న ఉపన్యాసం ఒక్క ముక్క గుర్తురాలేదు. చెవిలో తాను చెప్పిన మాట మాత్రం గుర్తుంది, దానికి సిగ్గేస్తోంది. "సార్, చట్టం బియ్యం ఇమ్మన్నది పేదవాళ్ళకి. చేతిలో గీతలున్న పేదవాళ్ళకని అందులో లేదు. పని మానుకుంటేనే తిండి పెడతామని అసలే లేదు. ఇవ్వాల్సిన గింజలు ఇవ్వకపోతే దానికి బదులు భత్యం ఇవ్వమని మాత్రం ఉంది."

ఆఫీసరు గుమాస్తా రాసింది కొట్టేయించాడు. "రెండు వారాల తర్వాత మళ్ళీ రామ్మా," అన్నాడు. "ఈసారి పని చేసుకుంటూ ఉండు. ఎలా ఉన్నదానివి అలా రా." అప్పటిదాకా సోములు షాపు జోలికి వెళ్ళొద్దన్నాడు. యుగంధర్ ఇంటికెళ్ళాక లక్ష్మణమ్మ జరిగిందంతా విని, "శుభ్రంగా రమ్మని చెప్పావా? నీ వకీలు చదువు తగలెయ్య!" అని కొడుకును తిట్టిపోసింది.

మరిడమ్మ తాతమ్మ దగ్గర గంప తిరిగి తెచ్చుకుంది. పడవకు అతుకు పడింది. రెండు వారాలు ఐసూ ఉప్పూ పొలుసూ తమ పని తాము చేసుకుపోయాయి. కొత్తపెళ్ళికూతురి చెయ్యి మళ్ళీ పాత మరిడమ్మ చెయ్యి అయింది.

చెప్పిన రోజున ఆమె ఒడ్డునుంచి నేరుగా ఆటో ఎక్కి, గంపతోనే మండలాఫీసులో దిగింది. గంప బయట పెట్టమని బంట్రోతు అడ్డుపడితే, లోపల్నుంచి ఆఫీసరే రానియ్యమన్నాడు. గంపలోని కవళ్ళ చేపల వాసన గది మొత్తం అలుముకుంది. జగన్నాధం గారి చెయ్యి జేబులోకి వెళ్ళి రుమాలు తీసింది, మెడదాకా ఎత్తింది, అక్కడ ఆగి మళ్ళీ జేబులోకి వెళ్ళిపోయింది. మరిడమ్మ అది చూసింది. ఒళ్ళు చచ్చిపోయినట్టయింది. అయినా చేతులు కొంగు కింద దాచుకోలేదు.

ఒక్కొక్క వేలే పెట్టింది. పది ఎర్ర దీపాలు. అప్పలసూరిని పిలిచారు. అతనివీ పది. ఎర్ర దీపం వెలిగినప్పుడల్లా సోములు గుండె మీద చెయ్యి వేసుకున్నాడు, యుగంధర్ మొహం తెల్లబడాల్సింది పోయి వెలిగిపోయింది. మనిషిని గుర్తుపట్టనందుకు ఒక మిషన్ని చూసి ఇంతమంది సంతోషించడం ఆ ఆఫీసులో అదే మొదలు.

జగన్నాధం గారు ఉత్తర్వు చెప్పి రాయించాడు. వేలు పడలేదన్న కారణంతో ఎవరికీ బియ్యం ఆపకూడదు. పక్కింటివాళ్ళు ఇద్దరు మనిషి ఫలానా అని చెబితే చాలు, వీఆర్వో వేలు కోసం కాసుకోనక్కర్లేదు. ఆ మండలంలో మరిడమ్మలాంటివాళ్ళందరికీ ఇదే వర్తిస్తుంది. ఆగిపోయిన మూడు నెలల బియ్యం ఆమెకు ఈ రోజే ఇవ్వాలి. భత్యం సంగతి మాత్రం పైకి రాస్తానన్నాడు. రాశాడు కూడా. అది ఇంకా పైకే వెళ్తోంది.

పక్కింటి తాతమ్మ ఇంకో ఇంటావిణ్ణి వెంటబెట్టుకుని షాపుకొచ్చి, "ఇది మరిడమ్మే. దీన్నెరగనోళ్ళెవులు?" అని చెప్పింది. సోములు బియ్యం కొలిచాడు. పాలెంలో ఆ నెలనుంచి షుగరు భయం తగ్గుముఖం పట్టింది.

మధ్యాహ్నం అన్నం, కవళ్ళ పులుసు. మరిడమ్మ చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా వడ్డించడానికి కూర్చుంది. అప్పలసూరి తల వంచుకుని తిన్నాడు. ఆమె రెండోసారి గరిటె ఎత్తగానే అలవాటుకొద్దీ అతని చెయ్యి కంచం మీదకొచ్చింది. కాసేపు అక్కడే ఉండి, మెల్లగా పక్కకు జరిగింది.

"ఎయ్యి," అన్నాడు.

వేసింది. అదీ అయిపోయింది. మళ్ళీ వేసింది.

"ఇన్నాళ్ళూ ఆకలి నేదన్నావు కదా మావా?"

"అప్పుడు నేదు," అన్నాడు అప్పలసూరి తలెత్తకుండా. "ఇప్పుడున్నాది."

మరిడమ్మ చేపల చేత్తోనే కళ్ళు తుడుచుకుంది.

"ఏటయ్యిందే?"

"ఉప్పు సెయ్యి కదా. మండుతున్నాది. నువ్వు తిను," అని కుండ అతని దగ్గరికి జరిపింది.